జపాన్‌లో గర్భగుడి లేని షింటో (అక్కడి సంప్రదాయ మతం) ఆలయం ఉందంటారు, నిజమేనా?

నిజమే. నారా ప్రాంతంలోని ఓమివా ఆలయం. దాని వెనకున్న 467 మీటర్ల మివా కొండే అక్కడ దేవుడి నెలవు కాబట్టి దేవుణ్ణి నిలిపే గర్భగుడి కట్టలేదు. భక్తులు ప్రార్థన మండపంలో నిలబడి కొండకే మొక్కుతారు. ఇప్పుడున్న మండపాన్ని 1664లో షోగన్ (సైనిక పాలకుడు) తొకుగావా ఇయెత్సునా కట్టించాడు. దాని వెనక మూడు తోరణాలు కలిపి కట్టిన అరుదైన ద్వారం ఉంది. దాని అవతలిది నిషిద్ధ భూమి.

జపాన్‌లోని అతి పురాతన ఆలయాల్లో ఇదొకటని చెబుతారు. 712 నాటి ప్రాచీన గ్రంథం కొజికిలోనే ఈ కొండ దేవుడు ఓమోనోనుషి కథలున్నాయి. ఆయన పాము రూపంలో కనిపిస్తాడని నమ్మకం. అందుకే ఆవరణలోని పాత దేవదారు చెట్టు మొదట్లో ఇవాళ్టికీ కోడిగుడ్లు, సాకే మద్యం నైవేద్యంగా పెడతారు. ఆయన సాకే తయారీదారులకూ ఇలవేల్పే. దేవదారు ఆకులతో చేసిన పెద్ద బంతులు ఇక్కడి నుంచే దేశమంతటా సాకే తయారీశాలల గుమ్మాలకు వెళ్తాయి.

నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఆ కొండ మీది అడవి. దేవుడిదని చెట్టు కొట్టరు. కొండ మీద అక్కడక్కడా పవిత్ర శిలల గుంపులున్నాయి. పూర్వం దేవతల్ని ఆవాహన చేసింది వాటి దగ్గరే. ఇప్పుడు పక్కనున్న సాయి అనే షింటో ఆలయంలో పేరు రాయించుకుని, మెడలో తెల్లని పట్టీ వేసుకుని కొండెక్కవచ్చు. ఫొటోలు తీయకూడదు. మంచినీళ్లు తప్ప ఏమీ తినకూడదు, తాగకూడదు.