ఇంట్లో కేకుల వ్యాపారం: నగలు తాకట్టు పెట్టే ముందు కిలో లెక్క చూసుకోండి

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. నాకు 34 ఏళ్లు. మావారు ప్రైవేటు కంపెనీలో చేస్తారు, చేతికి 42,000 వస్తుంది. అద్దె ఇల్లు, ఇద్దరు పిల్లలు. ఖర్చులకు 36,000 పోతుంది, చీటీకి 5,000 కడుతున్నాను. బ్యాంకులో లక్షన్నర ఎఫ్‌డీ ఉంది. డ్వాక్రా సంఘంలో ఉన్నాను. బేకింగ్ కోర్సు చేసి నాలుగు నెలలుగా తెలిసినవాళ్లకు కేకులు చేసి ఇస్తున్నాను. నెలకు 15 కిలోల దాకా ఆర్డర్లు వస్తున్నాయి. కిలో 750కి ఇస్తాను, సామాన్లకు 300 అవుతుంది, 450 మిగులుతుంది. పెద్ద ఓవెన్, మిక్సర్, ఫ్రిజ్, ఏసీ అన్నీ కలిపి 3,60,000 అవుతుందని కొటేషన్ తెచ్చుకున్నాను. 8 కాసుల బంగారం తాకట్టు పెట్టి తీసుకుందామని ఉంది. నెలకు 60 కిలోలు చేస్తే 27,000 వస్తుంది కదా! మావారు మాత్రం ‘ఇది నిలబడుతుందా?’ అంటున్నారు. ఇంట్లో చేసేదానికి లైసెన్సు కావాలా? హైదరాబాద్‌లో ఉన్న మా ఆడపడుచు, తన స్నేహితులకు కుకీలు పంపమంటోంది. పంపవచ్చా?

జవాబు: అమ్మా, నాలుగు నెలల్లో నెలకు 15 కిలోల ఆర్డర్లు రావడం చిన్న విషయం కాదు. మీ చేతి రుచి నచ్చబట్టే తిన్నవాళ్లు మళ్లీ అడుగుతున్నారు. అందుకే ఈ వ్యాపారం మానుకోమని నేను చెప్పను. బంగారం మాత్రం ఇప్పుడే బయటకు తీయకండి. ఎందుకో చెప్పాలంటే ముందు మీరు రాసిన ఆ 450 దగ్గరకు వెళ్లాలి.

కిలో కేకుకు 300 అంటే మైదా, పంచదార, వెన్న, గుడ్లు, చాక్లెట్, క్రీమ్. అంతటితో అయిపోలేదు. అట్టపెట్టె, కింద పెట్టే బోర్డు, రిబ్బను, కొవ్వొత్తి, ప్లాస్టిక్ కత్తి, పైన గుచ్చే ‘హ్యాపీ బర్త్‌డే’ కలిపితే 55 రూపాయలు వేసుకోండి. కరెంటుకు 20. బండి మీద వెళ్లి ఇచ్చి రావడానికి పెట్రోలు 30. పొంగని కేకు, తెరిచాక సగమే వాడి పారబోసిన క్రీమ్ ప్యాకెట్, పేరు తప్పు రాసి మళ్లీ గీకి రాసినది, ఇవన్నీ సగటున కిలోకు 25 తింటాయి. మొత్తం 430. అంటే మీకు మిగిలేది 450 కాదు, 320.

ఇప్పుడు ఆ 320కి మీరు ఎంతసేపు పని చేస్తున్నారో చూడండి. ఫోన్లో డిజైన్ మాట్లాడుకోవడం, పిండి కలపడం, బేక్ చేయడం, చల్లారనివ్వడం, క్రీమ్ పట్టించడం, చివర్లో జిడ్డు గిన్నెలన్నీ తోముకోవడం. ఒక్క కేకే చేసిన రోజున ఎంత లేదన్నా నాలుగు గంటలు పడుతుంది. గంటకు 80 రూపాయలు పడిందన్నమాట. అదే రెండు కిలో కేకులు ఒకేసారి పెట్టుకుంటే పని ఐదున్నర గంటల్లో తెములుతుంది, గంటకు 116 పడుతుంది. ఓవెన్ అదే, మీరూ అదే మనిషి. ఆర్డర్లను ఒక రోజుకు చేర్చి పెట్టుకున్నందుకే ఇంత తేడా. కాబట్టి కొత్త మెషిన్లకంటే ముందు మీకు కావలసింది వారంలో మూడు బేకింగ్ రోజులు. మంగళ, గురు, శనివారాలు అనుకోండి. మిగతా రోజుల్లో ఆర్డరు వస్తే ‘ముందురోజు చేసి ఫ్రిజ్‌లో పెట్టి ఇస్తాను, సరేనా?’ అని అడగండి. చాలామంది సరేనంటారు. కాదు, ఆ రోజే తాజాగా కావాలన్నవాళ్ల దగ్గర వంద రూపాయలు ఎక్కువ తీసుకోండి.

ఇక బంగారం సంగతి. 3,60,000 అప్పును 10 శాతం వడ్డీకి, మూడేళ్ల వాయిదాల్లో తీర్చాలంటే నెలకు దాదాపు 11,600 కట్టాలి. కిలోకు 320 మిగులు చొప్పున చూస్తే, ఒక్క ఆ వాయిదాకే నెలకు 36 కిలోలకు పైగా కేకులు చేయాలి. ఇప్పుడు మీవి 15 కిలోలు, వాటి మీద మిగిలేది 4,800. లోటు 6,800 మీవారి జీతంలోంచి రావాలి. అందులో ఖర్చులు, చీటీ పోను మిగిలేది వెయ్యి. వాయిదాలు వద్దు, ఏడాది చివర ఒకేసారి కడతానని గోల్డ్ లోన్ తీసుకుంటే ఇంకా ప్రమాదం. వడ్డీయే 36,000 అవుతుంది, అసలు రూపాయి తగ్గదు. ఆ రోజుకు డబ్బు సర్దలేకపోతే మళ్లీ వడ్డీ కట్టి తిరగరాయించుకోవాలి, అదీ కుదరకపోతే వేలం నోటీసు వస్తుంది. బంగారం మీద అప్పు చెడ్డదని కాదు. త్వరగా వస్తుంది, వడ్డీ పర్సనల్ లోన్ కంటే తక్కువ. చేతిలో ఖాయమైన పెద్ద ఆర్డరు ఉండి, రెండు నెలల్లో డబ్బు వెనక్కి వస్తుందంటే వాడుకోవచ్చు. ఇంకా రాని ఆర్డర్ల కోసం మెషిన్లు కొనడానికి మాత్రం అది తగదు.

పైగా పెద్ద ఓవెన్‌కు మీ అద్దె ఇంటి మీటరు లోడు సరిపోతుందా? పెంచుకోవాలంటే ఇంటి యజమాని ఒప్పుకోవాలి. ఏసీ కూడా కలిస్తే బిల్లు పై స్లాబుకు ఎక్కుతుంది. ఇవేవీ మీ కొటేషన్‌లో లేవు.

మరి ఇప్పుడేం కొనాలి? నేనైతే 50,000లోపు ఆపేస్తాను. ఒక మంచి స్టాండ్ మిక్సర్, గ్రాముల్లో చూపించే కాటా, ఓవెన్ లోపల పెట్టే థర్మామీటరు, కేకులకే కేటాయించిన ఒక సెకండ్ హ్యాండ్ ఫ్రిజ్. ఈ ఫ్రిజ్ మాత్రం తప్పనిసరి. కూరలు, అల్లంవెల్లుల్లి ముద్ద ఉన్న ఫ్రిజ్‌లో పెట్టిన క్రీమ్‌కు ఆ వాసన పట్టేస్తుంది, ఆ కేకు తిన్నవాళ్లు రెండోసారి ఫోన్ చేయరు. ఈ 50,000కు ఎఫ్‌డీ ముట్టుకోకండి. అది మీ ఇంటికి నాలుగు నెలల ఖర్చు. మీవారిది ప్రైవేటు ఉద్యోగం కాబట్టి ఆ మాత్రం పక్కన ఉండి తీరాలి. ముందు మీ పొదుపు సంఘంలో అడగండి. లేదంటే బ్యాంకులో ముద్ర పథకం కింద ‘శిశు’ విభాగంలో 50,000 దాకా హామీ లేకుండా ఇస్తారు. 11 శాతం వడ్డీ అనుకున్నా మూడేళ్లకు నెల వాయిదా 1,640 దగ్గర ఉంటుంది. అంటే ఐదారు కిలోల కేకులు. ఇప్పుడున్న 15 కిలోలతోనే ధైర్యంగా కట్టేయగలరు.

లైసెన్సు గురించి అడిగారు. కావాలి. ఇంట్లో చేసినా, తెలిసినవాళ్లకే ఇచ్చినా, డబ్బు తీసుకుని తిండి పదార్థం అమ్ముతున్నారంటే ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ దగ్గర నమోదు చేసుకోవాలి. 2006 ఆహార భద్రత, ప్రమాణాల చట్టం చెప్పేది ఇదే. మీ అమ్మకాలు ఏడాదికి లక్షన్నర కూడా దాటవు కాబట్టి పెద్ద లైసెన్సు అక్కర్లేదు, బేసిక్ రిజిస్ట్రేషన్ చాలు. ఫాస్‌కాస్ అనే పోర్టల్‌లో మీరే దరఖాస్తు చేసుకోవచ్చు. ఫొటో, గుర్తింపు కార్డు, అడ్రసు రుజువు దగ్గర పెట్టుకోండి. ప్రభుత్వ ఫీజు నామమాత్రమే. వేలల్లో అడిగే ఏజెంట్లకు ఇచ్చేది వాళ్ల కూలి తప్ప ఫీజు కాదు. 14 అంకెల నంబరు వస్తుంది. సర్టిఫికెట్‌ను వంటింట్లో కనపడేలా పెట్టండి, నంబరును బిల్లు మీద, పెట్టె మీద వేయించండి.

దీన్ని ఖర్చుగా చూడకండి. ఆఫీసుల వాళ్లు, స్కూళ్ల వాళ్లు ఆర్డరు ఇచ్చే ముందు ఆ నంబరు అడుగుతారు. స్విగ్గీ, జొమాటోల్లో చేరాలన్నా అదే కావాలి. బ్యాంకు మేనేజరు ముందు కూర్చున్నప్పుడు ఈ సర్టిఫికెట్, చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ రెండూ చేతిలో ఉంటే మీ మాటకు బరువు ఉంటుంది. ఉద్యమ్ నమోదు ఆధార్‌తో పూర్తిగా ఉచితం.

ఇక్కడ ఒక విషయం మీద కాస్త ఆగాలి. గుడ్డు వాడిన కేకు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లెక్కలో మాంసాహారం కిందికే వస్తుంది. పెట్టెలో ప్యాక్ చేసి అమ్మే బ్రౌనీ, కుకీల్లో గుడ్డు ఉంటే లేబుల్ మీద చతురస్రంలో గోధుమరంగు త్రికోణం ఉండాలి, పచ్చ చుక్క వేయకూడదు. ఏమేం వాడారో, ఎప్పుడు చేశారో, ఎప్పటిలోగా తినాలో రాయాలి. ఎగ్‌లెస్ అడిగేవాళ్లు మన దగ్గర చాలామంది ఉంటారు, శనివారాలు, కార్తీకమాసంలో మరీనూ. వాళ్ల నమ్మకం మీద చేసే వ్యాపారం ఇది. అదే విస్కర్, అదే గిన్నె కడిగి వాడేయకుండా ఎగ్‌లెస్‌కు విడిగా ఒక సెట్టు కొనండి. ఈ ఖర్చును నేను పొదుపు చేయమనను. ఎగ్‌లెస్ కేకుకు కిలోకు 50 రూపాయలు ఎక్కువ తీసుకున్నా ఎవరూ కాదనరు.

గ్యాస్ వాడేట్టయితే ఇంటి 14.2 కిలోల సిలిండర్‌ను వ్యాపారానికి వాడకూడదు, 19 కిలోల కమర్షియల్ సిలిండర్ తీసుకోవాలి. కరెంటు ఓవెన్‌తోనే నడుపుతున్నంత కాలం మీకు ఈ టెన్షన్ లేదు. ఇంటి యజమానికి మాత్రం ముందే చెప్పి, ఒప్పుకుంటున్నట్టు కాగితం మీద రాయించుకోండి.

హైదరాబాద్ కుకీల దగ్గర జాగ్రత్త. ఆంధ్రప్రదేశ్‌లో సరుకు అమ్మేవాళ్లకు ఏడాదికి 40 లక్షలు దాటేదాకా జీఎస్‌టీ నమోదు అక్కర్లేదు. కానీ అది రాష్ట్రం లోపలి అమ్మకాలకే. తెలంగాణ ఇప్పుడు వేరే రాష్ట్రం. డబ్బు తీసుకుని అక్కడికి సరుకు పంపితే అంతర్రాష్ట్ర అమ్మకం అవుతుంది, అప్పుడు మొత్తం ఎంత చిన్నదైనా జీఎస్‌టీ నంబరు ఉండాలి. ఆడపడుచుకు ప్రేమగా పంపే డబ్బా వేరు, ఆమె స్నేహితులకు ధర కట్టి పంపేవి వేరు. ఆ ఆర్డర్లు నెలకు పదివేలు దాటే సూచన కనబడితే అప్పుడు నమోదు గురించి ఆలోచిద్దాం. అంతవరకు రాజమహేంద్రవరం, కాకినాడ, ఏలూరు చాలు.

ధర పెంచండి. కిలో 850 చేయండి. బజారు బేకరీలో 500కే దొరుకుతుందని ఎవరైనా అంటే, వాళ్లను అక్కడే కొనుక్కోనివ్వండి. రోజుకు వంద కేకులు చేసేవాళ్లతో ధరలో మీరు పోటీ పడలేరు, పడకూడదు. మీ దగ్గరకు వచ్చేవాళ్లు పిల్లవాడి పుట్టినరోజుకు వెన్న వేసి, కళ్లముందు చేసిన కేకు కావాలని వస్తున్నారు. 850 చేస్తే కిలోకు 420 మిగులుతుంది. ఆర్డర్లు 15 నుంచి 13కు తగ్గినా మీకు వచ్చేది పెరుగుతుందే తప్ప తగ్గదు.

చుట్టాలకు తగ్గింపు ఇవ్వాలనిపిస్తే ఏడాదికి ఒక్కసారి, వాళ్ల పెళ్లిరోజుకు ఇవ్వండి. ‘మనవాళ్లే కదా, తర్వాత ఇస్తార్లే’ అనే మాట ఇంటి వ్యాపారాలను చాలావాటిని మింగేసింది. ఆర్డరు రాసుకునేటప్పుడే సగం డబ్బు ఫోన్‌పేలో వేయించుకోండి. ఆ డబ్బు పడటానికి విడిగా ఒక సేవింగ్స్ ఖాతా తెరవండి. మైదా, క్రీమ్ అన్నీ అందులోంచే కొనండి. నెలాఖరున అందులోంచి మీరు జీతంలా కొంత తీసుకోండి, మిగతాది అక్కడే ఉంచండి. పాలవాడికి, పిల్లల ఫీజుకు ఆ ఖాతా ముట్టుకోవద్దు.

ఆదాయపు పన్ను మీకు పడదు. అయినా రిటర్ను వేయండి. రెండేళ్ల తర్వాత పెద్ద లోన్‌కు వెళ్లినప్పుడు బ్యాంకు మొదట అడిగేది అవే.

మీవారి ప్రశ్నకు జవాబు ఇది. 850 ధర మీద నెలకు 30 కిలోలు చేరితే 12,600 మిగులుతుంది. అంత చేరడానికి ఏడాది పట్టవచ్చు. అది మీ ఇంటి అద్దె, ఒక పిల్లవాడి ఫీజు మోయగలదు, మీవారి జీతానికి బదులు మాత్రం కాదు. పైగా అన్ని నెలలూ ఒకేలా ఉండవు. క్రిస్మస్, డిసెంబర్ 31 వచ్చే వారంలో ఊపిరి ఆడదు. మే నెల ఎండల్లో, కరెంటు పోతే, క్రీమ్ కేకు వీధి చివరికి చేరేలోపే జారిపోతుంది. ఎండాకాలం క్రీమ్ కేకులు తగ్గించి టీ కేకులు, నానఖటాయీ, కొబ్బరి బిస్కెట్లు పెట్టుకోండి. డిసెంబరులో వచ్చిన డబ్బులో సగం మే కోసం దాచుకోండి.

పెద్ద మెషిన్లు ఎప్పుడు? పండుగలు లేని మూడు నెలలు వరుసగా 35 కిలోలు దాటి, చేయలేక ఆర్డర్లు వెనక్కి పంపుతున్న రోజున. అప్పుడు కూడా ముందు పెద్ద మిక్సర్, తర్వాతే ఓవెన్. ఎందుకంటే మీ చేతులు అలిసిపోయేది కలపడం దగ్గర. అప్పటికి ముద్రలోనే ‘కిశోర్’ కింద 5 లక్షల దాకా అవకాశం ఉంటుంది. చిన్న ఆహార తయారీదారులకు 35 శాతం సబ్సిడీతో 2020లో మొదలైన పీఎంఎఫ్‌ఎంఈ పథకానికి కొత్త దరఖాస్తులు తీసుకుంటున్నారేమో జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగండి. సబ్సిడీ వస్తుందని చెప్పి అవసరం లేనిది కొనకండి.

చివరగా చీటీ. వ్యాపారం కోసం దాన్ని ఇప్పుడే తగ్గించి పాడుకోవద్దు. అది 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టరైన కంపెనీలోదైతే ఆఖరిదాకా ఉంచండి, వచ్చిన మొత్తం రేపు మీ పెద్ద మిక్సర్‌కు పనికొస్తుంది. అలా కాకుండా వీధిలో తెలిసినవాళ్లు నడిపే చీటీ అయితే, ఆ డబ్బును మీ ప్లాన్‌లో ఎక్కడా లెక్కలోకి తీసుకోకండి. అది అయిపోయాక నెలనెలా ఆ 5,000 బ్యాంకులో రికరింగ్ డిపాజిట్‌గా వేయండి.