వెనక దీపాలు లెక్కపెట్టిన అమ్మాయికి

అమ్మాయీ,

నీ వ్యాసం మొదటిసారి చదివినప్పుడు కోపం వచ్చి పక్కన పెట్టేశాను. పాత సినిమాల్లో కనిపించే షెవర్లే అనే అమెరికన్ కార్ల గురించి తెలుగులో ఎవరైనా రాస్తే బాగుండునని ఏళ్ల తరబడి అనుకుంటున్నవాణ్ణి. తీరా ఒకరు రాస్తే అది జాబితాగా తేలింది. ఫలానా సినిమా, ఫలానా పాట, ఫలానా మోడల్, ఇన్ని గుర్రాల శక్తి. మూడు పేజీలు అదే వరస. నాలుగో పేజీలో మాత్రం ఒక వాక్యం ఉంది: "హీరో కారు మలుపు తిరిగేటప్పుడు, చెట్టు కింద ఆగి ఉన్న పాత షెవర్లే పక్కన ఒక డ్రైవరు బీడీ పారేసి చొక్కా పైగుండీ పెట్టుకుంటూ కనిపిస్తాడు."

ఆ వాక్యం నన్ను వారం రోజులు వదలలేదు. అది రాసిన మనిషికి కళ్లున్నాయి. కానీ ఆ వెంటనే నువ్వేం చేశావు? డ్రైవరును చెట్టు కిందే వదిలేసి హీరో కారులోని 348 క్యూబిక్ అంగుళాల ఇంజన్ దగ్గరికి వెళ్లిపోయావు. ఆ సినిమాలో బానెట్ ఒక్కసారి కూడా తెరుచుకోలేదు. ఆ కారు వచ్చిన సంవత్సరం షెవర్లేలో ఆరు సిలిండర్ల ఇంజన్ కూడా అమ్మేవారు, 283 క్యూబిక్ అంగుళాల ఎనిమిది సిలిండర్లది (వీ-8) కూడా అమ్మేవారు. లోపల ఏది ఉందో నీకెలా తెలిసింది? ఎక్కడో చదివావు. చదివింది రాశావు. చూసింది వదిలేశావు. నా కోపమంతా అక్కడ.

ఇంకో సంగతి. రెండో పేజీలో ఒక కారును 1960 ఇంపాలా అన్నావు, అంటే షెవర్లేలో ఆ పేరున్న మోడల్. అదే పేరాలో దాని వెనక "చెరో వైపు రెండేసి గుండ్రటి దీపాలు" ఉన్నాయని కూడా రాశావు. 1960 ఇంపాలాకు చెరో వైపు మూడేసి ఉంటాయమ్మా. రెండేసి ఉంటే అది షెవర్లేలోనే వేరే మోడళ్లయిన బెల్ ఎయిర్ కావచ్చు, బిస్కేన్ కావచ్చు, ఇంపాలా మాత్రం కాదు. నీ కన్ను సరిగ్గా చూసింది. నువ్వే నీ కన్నును నమ్మకుండా ఎవరో చెప్పిన పేరు పెట్టావు. వెండితెర మీద పొడుగ్గా, తెల్లగా ఏ అమెరికన్ కారు కనిపించినా ఇంపాలా అనేయడం మనవాళ్లకు అలవాటు. సినిమా పేజీలు రాసేవాళ్లు ఆ అలవాటును పెంచి పోషించారు. నువ్వు వాళ్ల దారిన పోకు.

కంటితో పట్టుకోవడానికి ఎంతో ఉంది. ముందు అద్దం మధ్యలో నిలువు పట్టీతో రెండు ముక్కలుగా ఉంటే అది 1952 లోపు బండి, ఎందుకంటే 1953లో షెవర్లేకు వంపు తిరిగిన ఒకే అద్దం వచ్చింది. అద్దం అంచులు పక్కలకు చుట్టుకుపోయి, దాని స్తంభం ఎక్కేటప్పుడు కాలికి తగిలేంతగా తలుపు దారిలోకి పొడుచుకు వచ్చి ఉంటే 1955కూ 1960కీ మధ్యది. హెడ్‌లైట్లు జంటలుగా నాలుగు ఉంటే 1958 లేదా ఆ తర్వాతది. 1959 బండిని వెనక నుంచి చూస్తే ఎవరూ మరిచిపోలేరు: అడ్డంగా పరుచుకున్న రెక్కలు, వాటి కింద పిల్లి కళ్ల వంటి దీపాలు. ఆ ఒక్క ఏడూ దీపాల లెక్క పనికిరాదు, పెద్ద షెవర్లేలన్నిటికీ అవే కళ్లు. 1958లో ఇంపాలాకు నాలుగు తలుపుల బండే లేదు. రెండు తలుపులది, టాపు తీసేది, అంతే. కాబట్టి నాలుగు తలుపుల 1958 ఇంపాలా అని ఎవరైనా రాస్తే ఆ పేజీ అక్కడితో మూసేయవచ్చు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, గుర్తుపట్టడం నేర్చుకోవాలి కాబట్టి. నేర్చుకుని దాన్ని వ్యాసం అడుగున పునాదిలా దాచేయాలి. పైన కనిపించవలసింది ఆ డ్రైవరు. కారు ఎవరిదన్నది సినిమా తానే చెబుతుంది. ఎవరి చేతుల్లో బతుకుతున్నదో నువ్వు చెప్పాలి. నాకు తెలిసిన ఒకే ఒక్క సూత్రం ఇది. దీన్ని ఎంతమందికి చెప్పానో, ఎంతమంది విసుక్కున్నారో!

1958నే తీసుకో. అమెరికాలో ఇంపాలా పేరు పుట్టిన ఏడు. అదే ఏడు మన దేశంలో రెండు సినిమాలు వచ్చాయి, రెండిట్లోనూ ముసలి షెవర్లేలే ముఖ్యపాత్రలు. బొంబాయిలో 'చల్తీ కా నామ్ గాడీ'. అందులో 1928 నాటి షెవర్లే. అశోక్ కుమార్, అనూప్ కుమార్, కిశోర్ కుమార్ నిజజీవితంలోనూ అన్నదమ్ములు, సినిమాలోనూ గ్యారేజీ నడిపే అన్నదమ్ములు. వానలో తడిసిన మధుబాల రాత్రివేళ చెడిపోయిన కారుతో ఆ గ్యారేజీకి వచ్చే పాట అందరికీ గుర్తుంటుంది. ఆ పాటలో కిశోర్ చేతుల్ని చూశావా? పాట పాడుతూ పనిముట్లతో ఆడుకునే చేతులు. బెంగాలీలో రిత్విక్ ఘటక్ 'అజాంత్రిక్'. అందులోది 1920 నాటి షెవర్లే, పేరు జగద్దల్. దాన్ని టాక్సీగా నడిపే బిమల్ ఆ బండితో మాట్లాడతాడు, దాని మీద అలుగుతాడు. రేడియేటర్లో నీళ్లు పోస్తుంటే దాహంతో ఉన్న ప్రాణి గుటకలు వేస్తున్నట్టు శబ్దం వినిపిస్తుంది. చోటానాగపూర్ ఎర్రమట్టి దారులు, ఒంటరి మనిషి, ఒక ముసలి బండి. నీ వ్యాసంలో మొదటి సినిమాకు రెండు వాక్యాలు, రెండోదానికి ఒక్కటీ లేదు. జగద్దల్ లేకుండా షెవర్లేల మీద వ్యాసం ఎలా రాస్తావు? ముందు ఆ సినిమా చూడు. ఆ తర్వాతే కలం పట్టు.

షెవర్లేలు మన దగ్గరికి ఎలా వచ్చాయో కూడా నువ్వు తడమలేదు. షెవర్లేలు తయారుచేసే జనరల్ మోటార్స్ వాళ్లు 1928లో బొంబాయి శివడీలో కార్ఖానా పెట్టారు. విడిభాగాలు ఓడల్లో వచ్చేవి, బిగింపు ఇక్కడ జరిగేది. స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వం, విడిభాగాలు కూడా ఇక్కడే తయారుచేస్తేనే ఉండండి, ఊరికే బిగించి అమ్ముకోవడం కుదరదు అన్నది. 1954లో వాళ్లు మూసుకుని వెళ్లిపోయారు. అంటే ఆ తర్వాతి సినిమాల్లో కొత్త షెవర్లే మెరిసిందంటే అది దిగుమతి బండి. రాయబార కార్యాలయం వాళ్లు వాడి వదిలేసిందో, భారీ సుంకం కట్టి ఎవరో తెప్పించుకున్నదో అయివుండాలి. స్టీరింగ్ ఎడమవైపు ఉందో కుడివైపు ఉందో చూస్తే సగం కథ అక్కడే తెలుస్తుంది. బొంబాయిలో బిగించినవి కుడిచేతి బండ్లు. ఎడమచేతి ఇంపాలా కనిపిస్తే, అది విదేశీయుడి వాడకానికి వచ్చిన బండి కావడానికే అవకాశం ఎక్కువ. (తొందరపడకు. ఒక్కోసారి ఫిల్మును తిరగేసి అతికిస్తారు. నంబరు ప్లేటు అద్దంలో చూసినట్టు ఉందేమో, హీరో చొక్కా జేబు కుడివైపుకు మారిందేమో చూసి మరీ రాయి.)

నంబరు ప్లేటు అంటే గుర్తొచ్చింది. మన పాత సినిమాల్లో కథ గోదావరి ఒడ్డున జరుగుతుంది, జమీందారు తెలుగువాడు, కారు నంబరు మాత్రం ఎంఎస్ అక్షరాలతో మొదలవుతుంది. మద్రాసు రాష్ట్రపు బండి. కోడంబాకం, వడపళని స్టూడియోలకు అద్దెకు వచ్చిన బండి. నేను మద్రాసులో ఒక వారపత్రికకు ప్రూఫులు దిద్దుతూ బతికిన రోజుల్లో ఈ పిచ్చి పట్టుకుంది. అప్పుడు నీకున్నట్టు ఆపి, వెనక్కి తిప్పి చూసే వీలు లేదు. ఉదయం ఆటకు వెళ్లి చీకట్లో తడుముకుంటూ చిన్న నోటుపుస్తకంలో రాసుకునేవాణ్ణి. బయటికి వచ్చి చూస్తే గీతల మీద గీతలు. మళ్లీ టికెట్టు కొనాలి. జీతంలో మిగిలేదే తక్కువ, అదంతా ఆ టికెట్లకే పోయేది.

కోడంబాకంలో సినిమాలకు కార్లు అద్దెకిచ్చే ఒక షెడ్డు ఉండేది. అక్కడ పనిచేసే ఒక పెద్దాయన పరిచయమయ్యాడు, నెల్లూరు వైపు మనిషి. పాట తీసేటప్పుడు బండి గంటల తరబడి మొదటి గేరులోనే నడవాలని, ఎండకు రేడియేటర్ మరుగుతుందని, ప్రతి టేకు తర్వాత తాను బండిని వెనక్కి తెచ్చి, దుమ్ము తుడిచి, నీళ్లు పోసేవాడినని చెప్పాడు. ఒక పాట ఘాట్ రోడ్డు మీద తీశారట. హీరోగారికి ఆ పెద్ద బండి చేయి తిరగలేదు. ఈయన ముందు సీటు దగ్గర కాళ్లు పెట్టుకునే చోట ముడుచుకుని కూర్చుని, స్టీరింగ్ కింది అంచు పట్టుకుని మలుపులు తిప్పాడు. "పాట మొత్తం ఆ కారులోనే ఉన్నాను బాబూ, తెర మీద మాత్రం లేను" అన్నాడు. ఆ పాట నాకు నోటికి వచ్చు. ఆ రోజు నుంచి ఆ పాటలో నాకు హీరో కనిపించలేదు.

ఆయన గురించి వ్యాసం రాసి మా సంపాదకుడికే ఇచ్చాను. అచ్చయ్యాక చూస్తే పెద్దాయన లేడు! ఆయన ఉన్న పేరాలన్నీ కొట్టేసి, ఆ చోటులో హీరో కారుకు ఆనుకుని నిలబడ్డ ఫొటో వేశారు. అడిగితే "డ్రైవరు గురించి ఎవరు చదువుతారయ్యా" అన్నారు. ఆ పత్రిక పోయింది, ఆయనా పోయారు. నాకు ఆ మాట మీద కోపం పోలేదు, పోదు. ఇప్పటి పత్రికలు కూడా ఏమంత మారాయని? "వెండితెర మీద వెలిగిన పది కార్లు" అని అడుగుతారు. పదకొండోది ఉంటే తీసేయమంటారు, తొమ్మిదే ఉంటే ఒకటి కల్పించమంటారు. పైగా "ఆ రోజులే వేరు" అనే నిట్టూర్పు ప్రతి పేరా చివరా ఉండాలి. నీ వ్యాసంలో ఆ నిట్టూర్పు ఐదు చోట్ల ఉంది, ఎర్ర సిరాతో గీశాను. నువ్వు ఆ రోజుల్లో పుట్టనే లేదు. అరువు తెచ్చుకున్న బెంగ రాయకు.

ఒకటి మాత్రం బాగా పట్టావు: ఒకే కారు రెండు సినిమాల్లో కనిపిస్తోందని, ఒకదాంట్లో మంచివాడిది, ఇంకోదాంట్లో దుర్మార్గుడిదని. అద్దె షెడ్డు బండ్ల బతుకే అది. అమెరికాలోనూ అంతే. 1971లో వచ్చిన 'టూ-లేన్ బ్లాక్‌టాప్' కోసం 1955 షెవర్లేలు మూడు తయారుచేశారు, వాటిలో రెండింటిని 1973లో 'అమెరికన్ గ్రాఫీటీ'లో నల్లరంగు వేసి మళ్లీ వాడుకున్నారు. నువ్వు దీన్ని వింతగా చెప్పి ఊరుకున్నావు. నన్నడిగితే, ఆ రెండు సినిమాల మధ్య రోజుల్లో ఆ బండి ఎక్కడ పడుకుందో, ఎవరు బ్యాటరీ చూసుకున్నారో వెతుకు. మద్రాసులో ఆ షెడ్లలో పనిచేసినవాళ్ల పిల్లలైనా ఉంటారు. వెళ్లి కూర్చుని విను.

స్టూడియోలో తీసిన కారు దృశ్యాలను నువ్వు "నకిలీ" అని కొట్టిపారేయడం నాకు నచ్చలేదు. బ్యాక్ ప్రొజెక్షన్ సంగతి తెలుసుకో. ముందుగా ఎవరో కెమెరా పట్టుకుని నిజమైన రోడ్డు మీద తిరిగి ఆ బొమ్మ తీసుకొస్తారు. స్టూడియోలో కదలని కారు వెనక తెర కట్టి, ఆ తెర వెనక నుంచి దాన్ని వేస్తారు. నటులు ముందు కూర్చుని స్టీరింగ్ అనవసరంగా తిప్పుతారు, బయట ఇద్దరు కుర్రాళ్లు బండిని కుదుపుతారు. ముందున్నదంతా నటనే. వెనక కదిలే రోడ్డు మాత్రం నిజం. ఆ సైకిళ్లు, బస్సులు, ఎవరూ ఎంచుకోని ఆ కార్లు, ఆ రోజు ఆ వేళకు ఆ దారిన నిజంగా పోయినవి. నీకు ఇష్టమైన షెవర్లే అక్కడ ఒక టాక్సీగానో, పెళ్లివారి బండిగానో ఒక్క క్షణం దాటిపోవచ్చు. హీరో కారు కంటే ఆ క్షణం కోసం నేను ఎక్కువ ఎదురుచూస్తాను.

కాబట్టి మొదటి మూడు పేజీలు తీసేయి. నాలుగో పేజీ దగ్గర మొదలుపెట్టు. ఆ షాట్ మళ్లీ మళ్లీ చూడు. ఆ పాత బండి ముందు అద్దం రెండు ముక్కలా, ఒకటేనా? నంబరు ఏ రాష్ట్రానిది? ఆ మనిషి గుండీ ఎవరిని చూసి పెట్టుకున్నాడు? యజమాని వస్తున్నాడా, కెమెరా కంటపడిందా? తెలియకపోతే తెలియలేదని రాయి, కానీ ఏం కనిపించిందో మాత్రం పూర్తిగా రాయి.

కలం పేరు గురించి అడిగావు, దానికి ఇది సమయం కాదు.

తిరిగి రాశాక పంపు. చేతిరాత అయినా చదువుతాను. ఫొటోలు మాత్రం జతచేయవద్దు. ఫొటో పక్కన ఉందన్న ధైర్యంతోనే ఈసారి నువ్వు సగం కార్లను వర్ణించకుండా దాటేశావు. ఫొటో లేకుండా, నీ మాటలు చదివి ఆ బండి ఏ సంవత్సరానిదో నేను చెప్పగలగాలి.

ఆశీస్సులతో.