గొడవలు తగ్గాయని చెప్పే ముందు

చి. రమ్యకు బాబాయి ఆశీస్సులు.

విశాఖ వార్డుల్లో కుర్రాళ్ల కొట్లాటలు ఆపే కార్యక్రమం పెడుతున్నామని, అది పనిచేసిందో లేదో ఎలా తేల్చాలని అడిగావు. పని మొదలవకముందే లెక్క మొదలవ్వాలమ్మా. వెనకటి 24 నెలల అంకెలు నెలవారీగా రాసి పెట్టుకో. అవి లేకపోతే తర్వాత ఎంత మంచి రిపోర్టు రాసినా గాల్లో మేడే.

మీటింగ్ అయ్యాక పంచే ఫీడ్‌బ్యాక్ ఫారాలను నమ్ముకోకు. సమోసా పెట్టి అడిగితే బాగోలేదని ఎవరు రాస్తారు? అమెరికాలో బోస్టన్ పక్కన 1939లో దాదాపు 500 మంది పిల్లలను రెండు భాగాలు చేసి, ఒక భాగానికి ఏళ్ల తరబడి అండగా నిలిచారు. ముప్పై ఏళ్ల తర్వాత వెతికి పట్టుకుంటే, సాయం అందినవాళ్లలో మూడింట రెండు వంతుల మంది మేలు జరిగిందనే అన్నారు. 1978లో బయటికొచ్చిన లెక్కల్లో మాత్రం కొన్ని విషయాల్లో వాళ్ల పరిస్థితే అధ్వానంగా ఉంది. సాయం అందని భాగం లేకపోతే ఆ సంగతి ఎవరికీ తెలిసేదే కాదు.

అందుకే ఎనిమిది వార్డులు ఎంచుకుని, చీటీలు తీసి నాలుగింట్లో ఈ ఏడాది, మిగతా నాలుగింట్లో వచ్చే ఏడాది మొదలుపెట్టు. కార్పొరేటర్ మా వార్డే ముందు అంటాడు, ఒప్పుకోకు. గొడవలు బాగా ముదిరిన వార్డునే ఏరుకున్నావనుకో, పైకెక్కిన అంకె మళ్లీ సగటు వైపు దిగడం మామూలే కాబట్టి, ఎవరూ ఏమీ చేయకపోయినా వచ్చే నెలల్లో అక్కడ సాధారణంగా కొంత తగ్గుతుంది. ఆ ఘనత మీ ఖాతాలో పడుతుంది.

ఎఫ్‌ఐఆర్‌లు ఒక్కటే చూడకు. స్టేషన్ మీద నమ్మకం కుదిరితే ఫిర్యాదులు పెరుగుతాయి, ఇంట్లో దెబ్బల విషయంలో మరీను. కాబట్టి కేజీహెచ్ పెద్దాసుపత్రి క్యాజువాలిటీలో కొట్లాట దెబ్బల్లాంటి పోలీసు కేసులకు రాసే ఎంఎల్‌సీ (మెడికో లీగల్ కేసు) వివరాలు కూడా పక్కన పెట్టుకో. తేదీ, గంట, గొడవ జరిగిన చోటు, దేంతో కొట్టారు: ఈ నాలుగే అడుగు, పేర్లు వద్దు. సూపరింటెండెంట్ నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకో. చోటంటే "జగదాంబ దగ్గర" అని కాదు, ఏ సందు, ఏ షాపు ముందు అన్నంత వివరం కావాలి. బ్రిటన్‌లోని కార్డిఫ్‌లో ఇలాగే రాయించి, పేర్లు తీసేసి, పోలీసులకూ నగరపాలక సంస్థకూ అందించారు. దాడి గాయాలతో ఆసుపత్రిలో చేరేవాళ్లు అలాంటి ఇతర నగరాలతో పోలిస్తే 42 శాతం తగ్గారని 2011లో ప్రచురించిన పరిశీలన తేల్చింది. కానీ మన దగ్గర చాలామంది "మెట్ల మీంచి పడ్డాను" అంటారు, కొందరు ప్రైవేటుకి పోతారు. ఆ లోటు ఎనిమిది వార్డుల్లోనూ ఒకేలా ఉందో లేదో చూసుకో.

ఒక్క నెల తగ్గితే పండగ చేసుకోకు. సగటున నెలకు 16 కేసులు వచ్చేచోట 8 నుంచి 24 దాకా ఊగడం మామూలే. ఏడాది మొత్తాలను పోల్చు. గొడవ పక్క వీధికి జరిగిందేమో, అదీ చూడు.

ప్రతిపాదనలో ఎవరైనా "ఉగ్రవాద నివారణ" అని చేర్చితే మాత్రం ఆగు. జరగని దాడిని లెక్కపెట్టలేం. పదివేల మందిలో ఒక్కడు ప్రమాదకారి అనుకో. 95 శాతం కచ్చితమైన పరీక్ష పెట్టినా సుమారు 500 మంది అమాయకుల మీద ముద్ర పడుతుంది. అందుకని "ముందే పసిగట్టే" ఫారాల జోలికి పోవద్దు. మన ఏజెన్సీలో మావోయిస్టుల లొంగుబాట్లనే విజయంగా చూపడం కూడా నాకు నచ్చదు. లొంగిపోయినవాళ్లలో ఏడాది తర్వాత ఎంతమంది ఏదో ఒక పనిలో నిలదొక్కుకున్నారో అడగాలి.

మధ్యలో మానేసినవాళ్లను లెక్కలోంచి తీసేయకు, అసలు కష్టమైనవాళ్లు వాళ్లే. ఆరు నెలలకోసారి, ఏడాదికోసారి వాళ్ల ఇళ్లకూ వెళ్లి అడగాలి. వెళ్లేది మీ కార్యకర్త కాకూడదు, బయటి మనిషి కావాలి. ఆ జీతం, తిరుగుడు ఖర్చు ఇప్పుడే బడ్జెట్లో రాయించు. పదోవంతు అడిగితే ఇచ్చేవాళ్లు గొణుగుతారు, తగ్గకు.

మీ బాబాయి