బౌంటీ పెట్టేముందు మెయింటైనర్‌ని అడిగారా?

ప్రశ్న: మా ప్రెస్‌లో డీటీపీకి ఒక ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండే) సాఫ్ట్‌వేర్ వాడుతున్నాం. పేజీ నంబర్లు తెలుగు అంకెల్లో వేసే వీలు అందులో లేదు. రూ.40,000 బౌంటీ (ఆ పని చేసినవాళ్లకి ఇచ్చే సొమ్ము) ప్రకటిస్తే ఎవరైనా చేసిపెడతారా? డబ్బుకి పూచీ ఏమిటి?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: చేసేవాళ్లు దొరుకుతారు, చిక్కు అక్కడ లేదు. రాసిన కోడ్‌ని ప్రాజెక్టులో కలుపుకోవాల్సింది మెయింటైనర్, అంటే ఆ ప్రాజెక్టుని చూసుకునేవాళ్లు. బౌంటీ మీరు పెట్టారు కదా అని వాళ్లు కలుపుకోరు. కాబట్టి ముందు ప్రాజెక్టు పేజీలో ఇష్యూ (కావాల్సిన మార్పు గురించిన పోస్టు) తెరిచి, 'ఇది తీసుకుంటారా? ఎలా రాస్తే తీసుకుంటారు?' అని అడగండి. సరేనన్నాకే డబ్బు మాట ఎత్తండి. లేదంటే కోడ్ తయారవుతుంది గానీ మెర్జ్ కాదు, అంటే ప్రాజెక్టులో కలవదు. మీ చేతిలో ఒక విడి కాపీ మిగులుతుంది, కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ దాన్ని మళ్లీ అతుకువేయించుకోవాలి.

పని ఎప్పుడు పూర్తయినట్టో కూడా రాసిపెట్టాలి. 'తెలుగు అంకెలు రావాలి' అంటే చాలదు. పదో పేజీ మీద ౧౦ పడాలి. విషయసూచికలోనూ అదే కనిపించాలి. ఫైలు మూసి తెరిచినా సెట్టింగ్ నిలవాలి. పీడీఎఫ్‌లోంచి కాపీ చేసి ఇంకోచోట పేస్ట్ చేసినా ౧౦గానే రావాలి (దీన్ని మాత్రం మరిచిపోకండి, తేడా వచ్చేది ఎక్కువగా ఇక్కడే). టెస్టులు, డాక్యుమెంటేషన్ కూడా పనిలో భాగమేనని చేర్చండి.

మొత్తం సొమ్ము కోడ్ రాసినవాళ్లకే ఇవ్వకండి. 30 వేలు వాళ్లకి, 10 వేలు రివ్యూ చేసే మెయింటైనర్‌కి అనుకోండి. రివ్యూకి పట్టే గంటలు ఎవరూ లెక్కలో వేయరు, పుల్ రిక్వెస్టులు (కలుపుకోమని పంపిన కోడ్ మార్పులు) నెలల తరబడి మూలుగుతుండటానికి అదో కారణం. 'ముందు చేసినవాళ్లకే' అని పందెం కూడా పెట్టొద్దు. ముగ్గురు రాస్తే ఇద్దరి శ్రమ గంగపాలు, నెగ్గేది హడావుడి కోడ్. జిగ్ అనే ప్రోగ్రామింగ్ భాషని నడిపే ఫౌండేషన్ బౌంటీలను బాహాటంగా కాదనడానికి ఈ పోటీ ఒక కారణం. ఒక్కరికే అప్పగించి, నాలుగు వారాల గడువు ఇవ్వండి.

ఇక పూచీ. 2020 జూన్‌లో బౌంటీల సొమ్ముకి మధ్యవర్తిగా ఉండే వెబ్‌సైట్ బౌంటీసోర్స్, రెండేళ్లు ఎవరూ తీసుకోని సొమ్ము తనకే చెందేలా నిబంధన మార్చబోయి, గొడవయ్యాక వెనక్కి తగ్గింది. 2023లో అసలు చెల్లింపులే నిలిచిపోయాయి. మధ్యవర్తి దగ్గర డబ్బు ఏళ్లకేళ్లు ఉంచకండి. గడువు దాటితే వాపసు అని ముందే రాయించుకోండి, మెర్జ్ కాగానే చెల్లించండి.

ప్రశ్న: బౌంటీలు చేసి చదువు ఖర్చులు వెళ్లదీసుకోవచ్చా?
– ఒక ఇంజినీరింగ్ విద్యార్థిని, వరంగల్

జవాబు: చేతిఖర్చుకి సరే, నెల జీతంలా నమ్ముకోవద్దు. మీరు చేద్దామనుకున్న ఇష్యూ మీద ఇప్పటికే రెండుమూడు పుల్ రిక్వెస్టులు ఉంటే వదిలేయండి. ప్రాజెక్టుని మీ మెషీన్‌లో బిల్డ్ చేసి టెస్టులు నడపడానికే రోజు పడితే, 50 డాలర్ల పని గిట్టదు. ఏఐ రాసిచ్చింది చదవకుండా పంపితే, మెయింటైనర్ కూడా చదవకుండానే మూసేస్తారు. విదేశీ సొమ్ము వచ్చినప్పుడు బ్యాంకు పర్పస్ కోడ్ (డబ్బు దేనికి వచ్చిందో తెలిపే కోడ్) అడుగుతుంది, సాఫ్ట్‌వేర్ సేవ అని చెప్పండి. బ్యాంకు ఇచ్చే రెమిటెన్స్ పత్రం దాచుకోండి, రిటర్నులో ఆదాయం చూపేటప్పుడు కావాలి.