స్కోపు కొనేముందు తూటాల ఖర్చు లెక్కేసుకో

తమ్ముడూ, జింకల వేటకి రైఫిల్ మీద పెట్టే స్కోపు (గురి చూసే దుర్భిణి) ఏది కొనాలని రాస్తూ, జూమ్ ఎంత ఉండాలని మూడుచోట్ల అడిగావు. స్కోపుని రైఫిల్ మీద ఏ రింగులతో బిగించాలో ఒక్కచోటా అడగలేదు. కొత్తగా వేటలోకి దిగే మనవాళ్లందరిదీ ఇదే వరస, నీ ఒక్కడిదే కాదులే. ఇండియాలో 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట క్రమంగా మూతపడింది. అందుకని ఇంట్లో ఎవరినైనా అడుగుదామన్నా ఈ సంగతులు తెలిసిన పెద్దవాళ్లు మనకి ఉండరు. ఇక్కడ అమెరికాలో పిల్లలు నాన్న పక్కన కూర్చుని ఊరికే నేర్చుకునేదాన్ని మనం ముప్పై దాటాక క్రెడిట్ కార్డు గీకి నేర్చుకుంటాం. నేనూ గీకాను, బాగానే గీకాను. ఇప్పుడు నా రైఫిల్ మీదున్నది మధ్యరకం ధర స్కోపు. రేంజ్‌లో (తుపాకీ కాల్చి సాధన చేసే చోట) దాన్ని చూసి ఎవరూ ఆహా అనరు. కానీ గురి పెట్టినచోటే తగులుతుంది. సీజన్‌కి ముందు ఒకసారి సరిచూసుకోవడం తప్ప దాని జోలికి పోను. అక్కడిదాకా రావడానికి నేను తగలేసిన డబ్బు నువ్వు తగలెయ్యకూడదని ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

రూల్స్ సంగతి రెండు ముక్కల్లో. నీకు గ్రీన్‌కార్డు వచ్చిందన్నావు, మంచిది. హెచ్-1బి, ఎఫ్-1 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ కలిగి ఉండటాన్ని అమెరికా ఫెడరల్ చట్టం మామూలుగా ఒప్పుకోదు. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్సు ఉండటం దానికున్న మినహాయింపుల్లో ఒకటి. స్నేహితుడి తుపాకీని రేంజ్‌లో కాసేపు పట్టుకోవడం కూడా ఆ నిషేధంలోకే రావచ్చు కాబట్టి, మీ ఇంట్లో ఇంకా వీసా మీదున్న తమ్ముళ్లుంటే లాయర్‌ని అడిగాకే రమ్మను. హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు, సీజన్ తేదీలు, నారింజ రంగు జాకెట్టు రాష్ట్రానికో రకంగా ఉంటాయి. నీ రాష్ట్ర వైల్డ్‌లైఫ్ శాఖ వేసే పుస్తకంలో అన్నీ ఉంటాయి, చదువుకో. నేను డబ్బు సంగతికే వస్తాను.

నేను మొదట కొన్నది 6-24×50. అంటే జూమ్ ఆరు రెట్ల నుంచి ఇరవైనాలుగు రెట్ల దాకా, ముందరి అద్దం అడ్డకొలత 50 మిల్లీమీటర్లు. మార్కులు ఎక్కువొస్తేనే గొప్ప అనే చదువు చదివినవాళ్లం కదా, నంబర్లు ఎంత పెద్దవైతే అంత మంచి స్కోపు అనుకున్నాను. పైగా చిన్న నంబర్లున్న పేరున్న కంపెనీ స్కోపు కంటే ఇదే చవక! అక్కడే అనుమానం రావాల్సింది. అన్ని అద్దాలు, అంత జూమ్, వెలిగే రెటికల్ (లోపల గురి కోసం ఉండే గీతలు), పక్కన తిప్పే నాబ్ ఇంకొకటి, ఇవన్నీ ఆ ధరలో పెట్టాలంటే వాడు ఎక్కడో ఒకచోట కక్కుర్తి పడాలి. పడ్డది లోపల, నాకు కనపడని చోట.

దాని బరువుకి రైఫిల్ పైభాగం తూగేది. 50 అద్దం బ్యారెల్‌కి తగలకుండా ఎత్తు రింగులు వెయ్యాల్సొచ్చింది. దాంతో చెంప స్టాక్ (రైఫిల్ వెనకభాగం) మీద ఆనేది కాదు, మెడ చాపి చూడాలి. మొదటి సీజన్లో ఒక జింక నలభై గజాల్లోకి వచ్చింది. రైఫిల్ ఎత్తి చూస్తే స్కోపు నిండా గోధుమరంగు వెంట్రుకలు. అది భుజమో తొడో తెలియదు. జూమ్ పన్నెండు దగ్గర వదిలేసి ఉంది. తగ్గిద్దామని రింగు తిప్పుతుంటే ఆ కదలికకే అది తోక ఎత్తి పోయింది. తగ్గించినా ఆరు కంటే కిందికి దిగదు. అడవిలో చెట్ల మధ్య ఆరు అంటేనే ఎక్కువ. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండేచోటు దాదాపు 8 అంగుళాల వెడల్పు ఉంటుంది. నూరు గజాల్లో దాన్ని కొట్టడానికి నాలుగు రెట్ల జూమ్ చాలు, రెండు వందల గజాలకి తొమ్మిది ధారాళం.

సాయంత్రం వెలుతురు గురించి కూడా ఒక లెక్క ఉంది. ఇది తెలిస్తే సేల్స్‌మన్ నిన్ను ఏమార్చలేడు. ముందరి అద్దం మిల్లీమీటర్లని జూమ్‌తో భాగిస్తే, స్కోపు వెనక నుంచి నీ కంటికి వచ్చే వెలుతురు చుక్క వెడల్పు వస్తుంది. నా పెద్ద స్కోపు ఇరవైనాలుగు మీద ఉంటే 50ని 24తో భాగించు, రెండు మిల్లీమీటర్ల పైచిలుకు. మసక వెలుతురులో కంటిపాప సుమారు 5 నుంచి 7 మిల్లీమీటర్లు తెరుచుకుంటుంది, వయసు పెరిగేకొద్దీ తగ్గుతుంది. అంటే నా కన్ను బార్లా తెరుచుకుని కూర్చుంటే స్కోపు సన్నటి చుక్క పంపుతోంది. మామూలు 40 అద్దాన్ని ఆరు మీద పెట్టుకుంటే ఆరున్నర దాటుతుంది. కాబట్టి పొద్దుగూకేవేళ కనపడకపోతే చెయ్యాల్సింది జూమ్ తగ్గించడం. దానికి పైసా ఖర్చు లేదు. 56 అద్దం కొనమని ఎవరైనా చెప్తే ఈ భాగహారం చేసి చూపించు.

అసలు నష్టం రేంజ్‌లో జరిగింది. చాలా స్కోపుల్లో టరెట్‌ని (గురి సరిచేసే నాబ్) ఒక క్లిక్ తిప్పితే నూరు గజాల దగ్గర గురి పావు అంగుళం జరుగుతుంది, నాలుగు క్లిక్కులకి ఒక అంగుళం. నా తూటా రెండంగుళాలు కింద తగిలింది, ఎనిమిది క్లిక్కులు పైకి తిప్పాను. మళ్లీ కాల్చాను, అక్కడే తగిలింది. ఇంకో నాలుగు తిప్పాను. ఈసారి అయిదంగుళాలు పైకి ఎగిరింది. లోపల స్ప్రింగు బిగుసుకుని ఉండి, రైఫిల్ తన్నుకి ఒక్కసారి వదులైందన్నమాట. నాకప్పుడు ఆ సంగతి తెలియదు. తప్పు నాదే అనుకుని ఇంకో పెట్టె తూటాలు, తూటాల తప్పనుకుని వేరే కంపెనీ పెట్టె, రైఫిల్ తప్పనుకుని గన్‌స్మిత్‌కి (తుపాకులు బాగుచేసేవాడికి) ఫీజు. ఆ బెంచీల దగ్గర కూర్చునే పెద్దాయన ఒకరు తన స్కోపు విప్పి నా రైఫిల్‌కి బిగించి ఇస్తే గుంపుగా తగిలాయి. ఇంటికొచ్చి ఎక్సెల్ షీట్‌లో కూడితే, ఉత్తి తూటాల ఖర్చే మొదట వద్దనుకున్న మంచి స్కోపు ధర దాటిపోయింది. మా ఆవిడకి ఆ షీట్ ఈనాటికీ చూపించలేదు. నిలకడ లేని చవక స్కోపు తన ధరని తూటాల్లో వసూలు చేసుకుంటుంది, దానికి తోడు నీ శనివారాలన్నీ పోతాయి.

తర్వాత కొన్నది మంచి స్కోపే. అయినా గురి మెల్లగా పక్కకి జరిగేది. ఈసారి కూడా స్కోపుని తిట్టుకున్నాను, కానీ తప్పు కిందిది. రైఫిల్‌కి బేస్‌ని (రింగుల కింద ఉండే పట్టీ) పట్టి ఉంచే స్క్రూలు నూనెతోనే బిగించేశాను, ముందుది వేలితో తిప్పితే తిరిగింది. నూనె తుడిచి, స్క్రూ మరకి కొద్దిగా లాక్‌టైట్ అనే జిగురు రాసి (నీలం రకం, ఎర్రది రాస్తే విప్పలేవు) బిగిస్తే పోయే జబ్బు. ఆ కోపంలో రింగుల స్క్రూలని బలం కొద్దీ బిగించి ఒకదాని తల తెంపాను, స్కోపు గొట్టం మీద నొక్కు గీతలు పడ్డాయి. రింగు మూత స్క్రూలకి సాధారణంగా 15 నుంచి 18 ఇంచ్-పౌండ్ల బిగింపు చాలు. రింగుల పెట్టెలో వచ్చే కాగితంలో ఎంత రాసి ఉంటే అంతే. ఆ కాగితంలో ఇంచ్-పౌండ్లు అని ఉంటుంది, కారు చక్రాలకి వాడే రెంచి మీద ఫుట్-పౌండ్లు ఉంటాయి. ఒక ఫుట్-పౌండు అంటే పన్నెండు ఇంచ్-పౌండ్లు. మెట్రిక్‌లో పెరిగిన మనకి రెండూ ఒకలాగే కనిపిస్తాయి, జాగ్రత్త. ఎంత బిగిస్తున్నామో కొలిచే చిన్న టార్క్ స్క్రూడ్రైవర్ ఒకటి కొనుక్కో. అది దండగ ఖర్చు కాదు, నా మాట విను.

కనుబొమ ఎముక మీద నాకున్న గీత గురించి మా ఆఫీసులో చాలామంది అడిగారు. స్కోపు చివరకీ కంటికీ మధ్య ఉండాల్సిన దూరాన్ని ఐ రిలీఫ్ అంటారు. అది తక్కువున్న స్కోపు పెట్టి, 30-06 లాంటి గట్టిగా తన్నే రైఫిల్ కాలిస్తే, లోహపు అంచు వచ్చి కనుబొమ మీద అర్ధచంద్రం గీస్తుంది. సోమవారం మీటింగులో బ్యాండేజీతో కూర్చుని ప్రెజెంటేషన్ ఇచ్చాను. మూడున్నర అంగుళాలకి తగ్గని ఐ రిలీఫ్ చూసుకో. కళ్లు మూసుకుని రైఫిల్ భుజానికెత్తి, తెరవగానే నిండు బొమ్మ కనిపించేలా స్కోపుని ముందుకీ వెనక్కీ జరిపి, ఆ తర్వాతే బిగించు. శీతాకాలం కోటు తొడుక్కుని చేసి చూడు, అది లేకుండా పెట్టుకున్న దూరం అడవిలో మారిపోతుంది.

ఇంతకీ ఏది కొనాలంటావు. 3-9×40, ఒక అంగుళం గొట్టం, మామూలు డుప్లెక్స్ రెటికల్. ల్యూపోల్డ్ అనే స్కోపుల కంపెనీ 1962లో తెచ్చిన రెటికల్ అది, బయట లావు గీతలు, మధ్యలో సన్నవి. మసకలో కూడా కన్ను తనంతట తానే మధ్యకి పోతుంది. రెటికల్ రెండో ఫోకల్ ప్లేన్‌లో ఉన్నది తీసుకో, జూమ్ తగ్గించినా గీతలు సన్నబడవు. మొదటి ఫోకల్ ప్లేన్ స్కోపులు దూరం కాల్పుల వాళ్లకి, ఖరీదెక్కువ, చిన్న జూమ్‌లో గీతలు వెంట్రుకల్లా అయిపోతాయి. లెన్సులకి ఫుల్లీ మల్టీకోటెడ్ అని ఉండాలి. ఉత్తి కోటెడ్ అంటే ఏదో ఒక అద్దానికి ఒక పూత పూశారని మాత్రమే. లోపల నైట్రోజన్ నింపి సీల్ చేసి ఉండాలి, లేకపోతే వెచ్చటి కారులోంచి చలిలోకి దిగగానే లోపల ఆవిరి పట్టి, నీ తుడుపుకి అందదు. వెలిగే రెటికల్, తూటా దూరాన ఎంత కిందికి దిగుతుందో చూపే బుల్లెట్ డ్రాప్ గీతలు, ఇవి లేకపోతే నీకేం నష్టం లేదు.

పేర్లు అడిగావు. వోర్టెక్స్ క్రాస్‌ఫైర్ 2, బరిస్ ఫుల్‌ఫీల్డ్, కొంచెం ఎక్కువ పెట్టగలిగితే ల్యూపోల్డ్ వీఎక్స్-ఫ్రీడమ్. ఈ మూడింట్లో ఏది కొన్నా నేను నిన్ను తిట్టను. వోర్టెక్స్ వారంటీ జీవితకాలానిది, రసీదు అడగరు, చేతులు మారినా చెల్లుతుంది, అందుకే అది సెకండ్ హ్యాండ్‌లో కూడా భయం లేకుండా కొనొచ్చు. నైకాన్ స్కోపులు సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా కనిపిస్తాయి, మంచివే, కానీ ఆ కంపెనీ రైఫిల్ స్కోపుల వ్యాపారం మానేసింది. పేరున్న కంపెనీ స్కోపు మరీ సగం ధరకి కొత్తది దొరుకుతోందంటే అది నకిలీ అనుకో. ల్యూపోల్డ్ పేరుతో నకిలీలు తిరుగుతున్నాయని ఆ కంపెనీయే హెచ్చరించింది. నకిలీని వారంటీకి పంపితే వాళ్లేం చేస్తారు పాపం.

డబ్బు ఇలా పంచుకో. చేతిలో ఉన్నదాంట్లో ముందు రింగులకీ, బేస్‌కీ, రెండు మూడు పెట్టెల తూటాలకీ పక్కన పెట్టెయ్యి. మిగిలినదే స్కోపు బడ్జెట్. మనవాళ్లు దీన్ని తిరగేసి చేస్తారు. స్కోపుకి అంతా ఊడ్చి, రింగులు ఏవో అంటించి, తూటాలకి పిసినారితనం చేసి, మూడు రౌండ్లు కాల్చి అడవికి పోతారు.

తూటాలు ఆదా చెయ్యాలంటే రేంజ్‌కి వెళ్లి ముందు బోల్ట్ (బ్యారెల్ వెనక మూసే కడ్డీ) తీసేసి, రైఫిల్‌ని కదలకుండా ఆనించి, బ్యారెల్‌లోంచి 25 గజాల టార్గెట్ మధ్యకి చూడు. తర్వాత రైఫిల్ కదపకుండా స్కోపు గీతల్ని అక్కడికే తీసుకురా. ఇప్పుడు కాలిస్తే మొదటి తూటాయే కాగితం మీద ఉంటుంది. 25 గజాల్లో క్లిక్‌కి అంగుళంలో పదహారోవంతే జరుగుతుంది, కాబట్టి అంగుళం జరపడానికి పదహారు క్లిక్కులు. ఈ ముక్క తెలియక నాలుగే తిప్పి స్కోపు పాడైందనుకునేవాళ్లని ఇప్పటికీ చూస్తుంటాను. అక్కడ కుదిరాక నూరు గజాలకి మార్చు. మూడు కాల్చి బ్యారెల్ చల్లారనివ్వు, వేడి బ్యారెల్ మీద క్లిక్కులు తిప్పితే తూటాలు దండగ.

ఇంకొక్క మాట, స్కోపుతో మనుషుల్ని చూడకు. అటు ఎవరున్నారో తెలుసుకోవాలంటే బైనాక్యులర్ వాడు. స్కోపు అటు తిరిగిందంటే బ్యారెల్ కూడా అటే తిరిగినట్టు.

మీ కొలీగ్ అమ్ముతానంటున్న పాత స్కోపు సంగతి. డబ్బు చేతిలో పెట్టేముందు రేంజ్‌కి తీసుకురమ్మను. స్కోపుని కదలకుండా బిగించి, నూరు గజాల్లో అంగుళం గళ్ల కాగితం పెట్టి, ఇరవై క్లిక్కులు కుడికి, ఇరవై కిందికి, ఇరవై ఎడమకి, ఇరవై పైకి తిప్పు. గీత ఒక్కోసారి అయిదు గళ్లు జరిగి చివరికి మొదటి గడికే రావాలి. తూటా ఖర్చు లేని పరీక్ష ఇది. అందులో నెగ్గితే అతని రైఫిల్ మీదే అయిదారు కాల్చి, గుంపు జరగలేదని చూసుకుని బేరం మొదలుపెట్టు. గొట్టం మీద రింగుల నొక్కులుంటే ధర తగ్గించమను, రింగులు నీ రైఫిల్‌కి సరిపోతే వాటినీ కలిపి ఇచ్చెయ్యమను.