తోట అమ్మేముందు ఆ పేరు ఎక్కడ పనికొస్తుందో చూడండి

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లె. మా అబ్బాయికి ఈఏపీసెట్‌లో మన జిల్లాలోనే అటానమస్ కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్, కమ్యూనికేషన్స్) బ్రాంచిలో కన్వీనర్ సీటు, అంటే ర్యాంకు మీద కౌన్సెలింగ్‌లో ఇచ్చే సీటు, వచ్చింది. మా తోటికోడలి కొడుకు చెన్నైలో పేరున్న ప్రైవేటు యూనివర్సిటీలో చదువుతున్నాడు. మనవాడూ అక్కడే చదవాలని మా ఆయన పట్టు. తిత్లీ తుపానుకి పోయాక మళ్లీ వేసిన ఎకరన్నర జీడితోట అమ్మేస్తానంటున్నారు. అబ్బాయి నోరు విప్పడు. కాలేజీ పేరుకి నిజంగా అంత విలువుందా? – ఒక తల్లి

జవాబు: ఉందమ్మా. కాకపోతే ఎక్కడుంది, ఎన్నాళ్లుంటుంది అన్నది చూసుకోవాలి. బీటెక్ అవుతూనే వచ్చే మొదటి ఉద్యోగం దగ్గర పేరు బాగా పనిచేస్తుంది. కంపెనీలు ఊరూరా తిరగవు, తమకు తెలిసిన కాలేజీలకే వస్తాయి. బయటి దేశాల్లో ఎమ్మెస్‌కి వెళ్లినా కొంత చూస్తారు. ఏపీపీఎస్సీ గ్రూప్స్‌కి, బ్యాంకు, రైల్వే పరీక్షలకి గుర్తింపున్న యూనివర్సిటీ డిగ్రీ ఉంటే చాలు, ఏ కాలేజీ అని అడగరు. పవర్ గ్రిడ్ లాంటి కేంద్ర ప్రభుత్వ సంస్థలు గేట్ అనే జాతీయ ఇంజనీరింగ్ పరీక్ష స్కోరు చూసి పిలుస్తాయి. రెండు మూడేళ్లు పనిచేశాక ప్రైవేటులోనూ ఏం చేయగలవన్నదే అడుగుతారు.

అయితే పేర్లన్నీ ఒకటి కావు. వరంగల్ ఎన్‌ఐటీలో సీటొచ్చి ఉంటే అప్పు చేసైనా పంపమనేవాళ్లం. హైవే పక్క హోర్డింగుల మీద కనిపించే పేరుకి ఆ మాట చెప్పలేం. అక్కడ అడగాల్సింది అత్యధిక ప్యాకేజీ ఎంతని కాదు. ఈసీఈలో ఎంతమంది ప్లేస్‌మెంట్లకి కూర్చున్నారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, జీతాల వరసలో సరిగ్గా మధ్యలో ఉన్న పిల్లాడి జీతం ఎంత? ఒక్కడికే మూడు ఆఫర్లొస్తే మూడుగా లెక్కేసి చూపిస్తారు. క్యాంపస్‌లు రెండు మూడుంటే అన్నీ కలిపేస్తారు, కాబట్టి అలాట్‌మెంట్ లెటర్‌లో ఏ క్యాంపస్ రాశారో చూడండి. మీ తోటికోడలి కొడుకుది ఏ బ్రాంచి, వాడి సీనియర్లు ఇప్పుడెక్కడున్నారు? అది కనుక్కుంటే బ్రోషర్ కంటే ఎక్కువ తెలుస్తుంది.

ఇక్కడి కాలేజీని కూడా అలాగే పరీక్షించండి. సాంకేతిక కాలేజీలకి అనుమతిచ్చే ఏఐసీటీఈ ఈ ఏడాదికి అనుమతిచ్చిందా, చదువు నాణ్యత చూసి ఇచ్చే ఎన్‌బీఏ గుర్తింపు ఈసీఈకే ఉందా, గడువు ఎప్పటిదాకా? న్యాక్ అనే మరో గుర్తింపు సంస్థ గ్రేడు మొత్తం కాలేజీకిస్తారు, ఎన్‌బీఏ బ్రాంచి వారీగా ఇస్తారు. చాలామంది న్యాక్ చూసి ఊరుకుంటారు, అక్కడే తప్పుతుంది. అటానమస్ అంటే పరీక్షలు కాలేజీ పెట్టుకుంటుంది, డిగ్రీ మాత్రం యూనివర్సిటీ ఇస్తుంది. మీవాడికొచ్చేది విజయనగరంలోని జేఎన్‌టీయూ గురజాడ పట్టా. 2022లో వచ్చిన కొత్త పేరని బెంగ వద్దు, అది ప్రభుత్వ యూనివర్సిటీయే. సాయంత్రం కాలేజీ బస్సులు కదిలే వేళకి వెళ్లి ఫైనలియర్ పిల్లల్ని పలకరించండి. ల్యాబుల సంగతి, వచ్చిపోయే కంపెనీల సంగతి దాపరికం లేకుండా చెబుతారు.

ఇక డబ్బు. కన్వీనర్ సీటుకి అర్హత ఉంటే ఫీజు రీయింబర్స్‌మెంట్ వస్తుంది. కాలేజీయే నేరుగా ఇచ్చే మేనేజ్‌మెంట్ సీటుకి రాదు. చెన్నైకి నాలుగేళ్ల ట్యూషన్, హాస్టల్, మెస్, రానుపోను ఛార్జీలు ఒకే కాగితం మీద వేయండి. తిత్లీ వచ్చింది 2018 అక్టోబరులో. ఆ తర్వాత వేసిన జీడిచెట్లు ఇప్పుడిప్పుడే కాపు పట్టుకుంటాయి. ఇన్నేళ్లు సాకి, గింజ రాలే వేళకి అమ్ముకోవడం నష్టబేరం. పంపక తప్పదనుకుంటే ముందు బ్యాంకుకి వెళ్లండి. కేంద్రం 2024లో తెచ్చిన పీఎం విద్యాలక్ష్మి కింద జాబితాలో ఉన్న సంస్థల్లో మెరిట్ సీటుకి తనఖా, హామీదారు లేకుండానే రుణమిస్తారు. ఆ యూనివర్సిటీ జాబితాలో లేకపోతే, దాని పేరుకి బ్యాంకు దగ్గర ఎంత బరువుందో మీ ఆయనకే అర్థమవుతుంది.

మీ ఆయన పట్టు వెనక అన్నదమ్ముల మధ్య పరువు లెక్క ఉందనిపిస్తోంది. దాన్ని ఎత్తిపొడవకండి, మొండికేస్తారు. ఆ కాగితం ముందు పెట్టి, "వాడేమంటాడో విందాం" అనండి. అబ్బాయిని మాత్రం విడిగా అడగండి: ఈసీఈ వాడికి ఇష్టమేనా, ఇల్లు వదిలి ఉండగలడా? తోట తనవల్లే పోతుందని నోరు మూసుకున్న పిల్లాడు, రేపు ఒక సబ్జెక్టు తప్పినా ఇంట్లో చెప్పడు. కాలేజీ ఏదైనా ఆ బ్యాక్‌లాగులే దెబ్బ కొడతాయి. చాలా ఐటీ కంపెనీలు పది, ఇంటర్, బీటెక్ మూడింటిలోనూ 60 శాతం అడుగుతాయి.

ఇప్పటికే చెన్నైలో డబ్బు కట్టేసి ఉంటే కంగారు పడొద్దు. యూనివర్సిటీల మీద అజమాయిషీ చేసే యూజీసీ 2018 నిబంధన ప్రకారం, ప్రకటించిన అడ్మిషన్ల చివరి తేదీకి 15 రోజులో అంతకన్నా ఎక్కువో ముందే మానుకుంటే ప్రాసెసింగ్ కింద కొంత తప్ప మొత్తం తిరిగివ్వాలి. ఆ తేదీకి ముందే కానీ 15 రోజుల లోపయితే 90 శాతం, గడువు దాటిన 15 రోజుల్లో 80, నెల లోపు 50. ఆ తర్వాత పైసా రాదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు వాళ్లు అట్టిపెట్టుకోకూడదు. మానుకుంటున్నట్టు ఈమెయిల్‌లో రాసి, రసీదు నకలు జత చేయండి. ఫోన్లో చెబితే తేదీకి సాక్ష్యం ఉండదు.