చదివించింది పేడ ఎత్తడానికా?

ప్రశ్న: మా అమ్మాయి పర్యావరణ, జంతు శాస్త్రాల డిగ్రీ రెండో ఏడాదిలో ఉంది. వారంలో రెండు రోజులు కాలేజీ ఫారంలో పేడ ఎత్తడం, ఇంకో రోజు చెరువు గట్టున సీసాల్లో నీళ్లు పట్టడం. ఇంటికొచ్చేసరికి ఒళ్లు హూనం. తెలిసినవాళ్ల అబ్బాయి ఇదే రంగంలో ఏసీ గదిలో కూర్చుని ఉపగ్రహ చిత్రాలతో మ్యాపులు చేస్తున్నాడు. ఈ సెలవుల్లో కూడా ఆరు వారాలు ఫారంలోనే ఉంటానంటోంది. దానికి బదులు విదేశంలో మూడు వారాల వన్యప్రాణి ఇంటర్న్‌షిప్‌కి పంపుదామని నా ఆలోచన. డబ్బు మనమే కట్టాలి. సింహం పిల్లలకు పాలు పట్టే అవకాశం ఉంటుందట, సర్టిఫికెట్ కూడా ఇస్తారట. రెండింట్లో ఏది మేలు?
- ఒక తండ్రి

జవాబు: రెండింటినీ పక్కపక్కన పెట్టి చూద్దాం. దానికంటే ముందు మీరు రాయకుండా వదిలేసిన ప్రశ్న ఒకటుంది. ఇలాంటి ఉత్తరాలు నాకు ఏటా వస్తాయి. కోర్సు పేరు మారుతుంది, కాలేజీ మారుతుంది, పేడ మీద ఫిర్యాదు మాత్రం అలాగే ఉంటుంది. ఉద్యోగం గురించి మీకు దిగులు లేదనను. కానీ "మీ అమ్మాయి ఏం చేస్తోంది?" అని నలుగురిలో ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో తోచకపోవడం మీకు అంతకంటే పెద్ద దిగులు. ఆ ఇబ్బంది మీది. దాన్ని తీసుకెళ్లి పిల్ల నెత్తిన పెట్టకండి.

మీ ఉత్తరంలోనే మీకు కావలసిన ధైర్యం ఉంది, చూసుకున్నట్టు లేరు. అలసిపోయి వస్తోందని రాశారు. మానేస్తానంటోందని రాయలేదు. ఈ చదువు పడని పిల్లలు తొందరగానే బయటపడతారు. ప్రాక్టికల్ ఉన్న రోజే వాళ్లకు తలనొప్పి వస్తుంది, బూట్లు పోతాయి, బస్సు తప్పిపోతుంది. మీ అమ్మాయి సెలవులు వదులుకుని మరీ అక్కడే ఉంటానంటోంది. ఒళ్లు హూనమైనా మళ్లీ వెళ్తానంటున్న మనిషిని చూసి బెంగపడాల్సిన పని లేదు.

ఇక ఆ పేడ సంగతి. రోజూ పేడ ఎత్తే మనిషికే, ఈవేళ అది నిన్నటిలా లేదని ముందుగా తెలుస్తుంది. పల్చబడిందా, గట్టిపడిందా, అరగని గింజలు కనబడుతున్నాయా అన్నదాన్ని బట్టి మేత ఎలా ఒంటబడుతోందో చెప్పొచ్చు. ఆవు ఎడమ డొక్కలో పిడికిలి ఒత్తి పట్టుకుంటే, ఆరోగ్యంగా ఉన్న పశువుకు నిమిషంలో ఒకటి రెండు సార్లు లోపలి నుంచి కడుపు కదిలి చేతిని బయటికి నెడుతుంది. పుస్తకంలో ఇది ఒక్క వాక్యం. నిమిషం గడిచినా కదలిక తగలనప్పుడు, చెయ్యి సరైన చోట పెట్టలేదా లేక ఆవుకే బాగాలేదా అని తేల్చుకోవలసి రావడం వేరే చదువు. అలాగే నడుము పక్క ఎముకల మీద, తోక మొదట్లో చేత్తో తడిమి, ఒంట్లో కొవ్వు ఎంత ఉందో 1 నుంచి 5 వరకు మార్కు వేస్తారు. ఒకే పాడి ఆవుకు ఒక విద్యార్థి 2.5 వేస్తే పక్కనున్న విద్యార్థి 3.25 వేస్తాడు. ఎవరిది తప్పో గదిలో కూర్చుని వాదించుకుంటే తేలదు. మళ్లీ ఆవు దగ్గరికే పోవాలి, అదీ వెనక నుంచి పోకూడదు. సరిగ్గా వెనకున్నది ఆవుకు కనబడదు. ఉలిక్కిపడితే తంతుంది.

చెరువు గట్టున సీసాల్లో నీళ్లు పట్టడం అని తేలిగ్గా రాసేశారు. నీటిలో కరిగిన ఆక్సిజన్ కొలిచే వింక్లర్ పద్ధతిలో సీసాను నీళ్లతో పూర్తిగా నింపాలి, ఒక్క గాలిబుడగ ఉండకూడదు. బుడగ ఉందంటే గాలిలోని ఆక్సిజన్ లెక్కలో కలిసిపోతుంది, ఆ సీసా పారబోయాల్సిందే. తర్వాత మాంగనీస్ సల్ఫేట్, ఆపైన క్షారంతో కలిపిన అయోడైడ్ వేస్తే లోపల మడ్డి దిగుతుంది. అది గోధుమరంగులో ఉంటే నీటిలో ఆక్సిజన్ ఉన్నట్టు, తెల్లగానే ఉండిపోతే లేనట్టు. ఆ సీసాలో తెల్ల మడ్డిని ఒకసారి కళ్లారా చూసిన అమ్మాయికి చెరువుల్లో చేపలు ఎందుకు చచ్చి తేలతాయో ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు.

ఏసీ గదిలో మ్యాపులు చేసే అబ్బాయి గురించి. ఆ పనిని నేను చిన్నచూపు చూడను, మంచి నైపుణ్యం, మీ అమ్మాయీ నేర్చుకోవాలి. కానీ చెరువు నిండా గుర్రపుడెక్క కమ్ముకుంటే ఉపగ్రహ చిత్రంలో అది పచ్చని చేను అనిపించొచ్చు. అది చేనా, చెరువా అని ఎవరో ఒకరు అక్కడికి వెళ్లి నిలబడి చూసి చెప్పాలి. దాన్ని గ్రౌండ్ ట్రూతింగ్ అంటారు, మ్యాపుకు విలువ వచ్చేది దానితోనే. గట్టు మీద తిరిగిన మనిషికి సాఫ్ట్‌వేర్ నేర్పడం తేలిక. గట్టు ఎప్పుడూ చూడని మనిషికి తన మ్యాపులో ఏది అనుమానించాలో నేర్పడం కష్టం.

అమెరికా పశుశాస్త్రవేత్త టెంపుల్ గ్రాండిన్ పేరు వినే ఉంటారు, వినకపోతే అమ్మాయిని అడగండి. పశువులు నడవా లాంటి దారిలో ముందుకు కదలకుండా ఎందుకు మొరాయిస్తున్నాయో తెలుసుకోవడానికి ఆవిడ స్వయంగా ఆ దారిలోకి దిగి, వాటి కంటి ఎత్తున చూశారు. వేలాడుతున్న గొలుసు, నేల మీద పడిన నీడ లాంటివే వాటిని బెదరగొడుతున్నాయని గుర్తించారు. ఆవిడ రూపొందించిన పశువుల దారులు తర్వాత ఎన్నో చోట్ల వాడకంలోకి వచ్చాయి. బురదలో దిగకుండా ఆ సంగతి తెలిసేది కాదు.

ఇప్పుడు మీ మూడు వారాల ఇంటర్న్‌షిప్. దీని గురించి మొహమాటం లేకుండా రాస్తాను, మీకు కోపం వచ్చినా సరే. సింహం పిల్లకు పాలు పట్టనిస్తామంటున్నారంటే, ముందు దాని తల్లి ఎక్కడుందని అడగండి. పిల్ల అనాథ కావడం ఎప్పుడో ఒకసారి జరగొచ్చు. ప్రతి బ్యాచ్‌కీ పాలు పట్టడానికి పిల్లలు సిద్ధంగా ఉంటున్నాయంటే, తల్లుల నుంచి వేరుచేసి తెస్తున్నారనే అర్థం. కొన్ని నెలలు దాటితే ఆ పిల్ల ముద్దు చేయడానికి పనికిరాదు, ప్రమాదకరమవుతుంది. అప్పుడు దాన్ని ఏం చేస్తారు? మనుషుల చేతుల్లో పెరిగిన సింహాన్ని తీసుకెళ్లి అడవిలో వదలడం దాదాపు కుదరని పని. దక్షిణాఫ్రికాలో ఇలా పెంచిన సింహాలు కంచె లోపల బంధించి చేసే వేటకూ, ఎముకల వ్యాపారానికీ వెళ్లిన సంగతి బహిరంగమే. అమెరికాలో 2022 డిసెంబరులో చట్టం చేసి, పెద్ద పులులను, సింహాలను, వాటి పిల్లలను జనం తాకడాన్ని నిషేధించారు. మీరు డబ్బు కట్టి పంపాలనుకుంటున్నది అలాంటి చోటికేనేమో అని నా అనుమానం.

జంతువులను నిజంగా కాపాడే చోట సందర్శకుల చేతికి వాటిని ఇవ్వరు. వెళ్లిన విద్యార్థికి మేత కోయడం, బోను కడగడం, కంచె బాగుచేయడం, రికార్డు రాయడం అప్పజెబుతారు. అంటే మళ్లీ పేడే! చింపాంజీల మీద పరిశోధనతో పేరు తెచ్చుకున్న జేన్ గుడాల్ 1960లో ఆఫ్రికాలోని గాంబే అడవికి వెళ్లినప్పుడు చింపాంజీలు ఆవిడను చూసి నెలల తరబడి పారిపోయాయి. దూరం నుంచి బైనాక్యులర్స్‌లో చూసి నోట్సు రాసుకోవడమే ఆవిడ చేసిన పని. ఫొటోలకు ఎక్కింది తర్వాతి కథ. బ్రోషర్లు అమ్ముతున్నది ఆ ఫొటోను, మనం దాన్ని శిక్షణ అనుకుని కొంటున్నాం. డబ్బు కట్టిన ప్రతివాళ్లకూ ఇచ్చే సర్టిఫికెట్‌ను రంగం తెలిసినవాళ్లు ఒక్క చూపులో పసిగడతారు. డబ్బు తీసుకునే కార్యక్రమాలన్నీ మోసమని నేను అనను. అనుభవమున్న పరిశోధకుల వెంట ఉండి, జంతువును ముట్టకుండా, లెక్కలు, రికార్డులు నేర్పే మంచివీ ఉన్నాయి. వాటి ప్రకటనల్లో ముద్దుల ఫొటోలు కనబడవు. ఆ తేడా పట్టుకోవడం మీ అమ్మాయికి మీకంటే బాగా వచ్చి ఉంటుంది. ఒకసారి ఆమెను అడిగారా?

పక్కపక్కన పెడతానన్నాను కదా. ఫారంలో ఆరు వారాలుంటే ఆమె ఒకే మందను రోజూ చూస్తుంది. ఈనే ఆవును చూస్తుంది, పుట్టిన దూడకు మొదటి గంటల్లో ముర్రుపాలు పట్టకపోతే తర్వాత ఎందుకు లాభం లేదో చూస్తుంది, తప్పు చేసి తిట్లు తింటుంది. విదేశానికి పంపితే మూడు వారాల తర్వాత ఫొటోలతో వస్తుంది. ఫారంకే నా ఓటు.

అయితే ఒక్క షరతు. ఫారం పని పేరుతో పిల్లలను ఉచిత కూలీలుగా వాడుకునే చోట్లూ ఉన్నాయి. ఆరు వారాలూ పార పట్టుకోవడం తప్ప ఇంకేమీ లేకపోతే మీ ఫిర్యాదు న్యాయమే, అప్పుడు నేనూ మీ పక్షమే. రాత్రి ఇంటికొచ్చాక "ఇవాళ ఏం చేశావు?" అని అడక్కండి, "ఇవాళ ఏం చూశావు, ఎవరికి చెప్పావు, వాళ్లేమన్నారు?" అని అడగండి. ఆమె చూసినదాన్ని ఎవరో విని, సరిదిద్ది, రికార్డులో రాయించారంటే అది శిక్షణే.

ఉద్యోగాల మాట. నీటి పరీక్షా కేంద్రాలు, కాలుష్య నియంత్రణ, పర్యావరణ ప్రభావ నివేదికలు తయారుచేసే సంస్థలు, పాడి, దాణా కంపెనీలు, జంతుప్రదర్శనశాలలు, పరిశోధన బృందాలు, ఇలా దారులు చాలానే ఉన్నాయి. వీటిలో చాలా చోట్ల ఇంటర్వ్యూలో ఎవరో ఒకరు "మీరు స్వయంగా చేసిన పని ఒకటి చెప్పండి" అంటారు. గాలిబుడగ పడిన సీసా ఎందుకు పారబోశానో చెప్పగలిగిన అమ్మాయి అక్కడ తడబడదు. జీతం మొదట్లో ఆ మ్యాపుల అబ్బాయికంటే తక్కువే ఉండొచ్చు, అది దాచను.

మీరు నిజంగా పట్టించుకోవాల్సింది ఆమె క్షేమం. పశువుల నుంచి మనుషులకు వచ్చే బ్రూసెల్లోసిస్, లెప్టోస్పైరోసిస్ లాంటి జబ్బులు ఉన్నాయి. ధనుర్వాతం టీకా గడువులో ఉందో లేదో చూడండి. కుక్కలు, గబ్బిలాలు లాంటి వాటితో పని ఉంటే రేబిస్ ముందస్తు టీకా గురించి డాక్టరును అడగండి. మంచి రబ్బరు బూట్లు, చేతి తొడుగులు కొనివ్వండి. ఒంటరిగా నీళ్లలోకి దిగనివ్వరనీ, దెబ్బ తగిలితే ఎవరు చూస్తారనీ కాలేజీ నుంచి రాతపూర్వకంగా తీసుకోండి. విదేశీ యాత్రకు పక్కన పెట్టిన డబ్బులో కొంచెం దీనికి చాలు.

సెలవుల్లో ఉండటానికి ఫారంలో చోట్లు తొందరగా నిండిపోతాయి, కాబట్టి దరఖాస్తు ఈ వారమే పంపించండి. దాన్ని మీ అమ్మాయి రాస్తుంది. మీరు రాయకండి.